హిల్మా ముంచిన పడవ

సరస్సు మీద మంచు కరగ్గానే హిల్మా కంగాస్ తన దేవదారు పడవలో రాళ్లు నింపి రేవు పక్కన ముంచింది. ఏటా చేసే పనే. చలికాలమంతా కొట్టంలో ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బితేగాని సందులు మూసుకోవు. నిరుటి దాకా ఆ రాళ్లు మోసింది ఆమె మొగుడు టౌనో. మొన్న చలికాలంలోనే పోయాడు.

ఆయన చెల్లెలు లెంపి అప్పటికే పడవ మీద కన్నేసింది. "ఇంకెవరెక్కుతారొదినా దాన్ని? మా వాకిట్లో పెట్టి, మట్టి పోసి, పూలమొక్కలేస్తా. అన్నయ్య గుర్తుగా ఉంటుంది."

"మీ అన్నయ్యేమన్నా బంతిపువ్వా?" అంది హిల్మా. చివరికి ఒప్పందం కుదిరింది. చేపలవేట మొదలయ్యే శనివారం నాడు పడవ తేలితే హిల్మాది, మునిగితే లెంపిది.

ఆ వారంలోనే హిల్మా చెల్లెలింటికి వెళ్లి, ఒక రాత్రి ఉండి వచ్చింది. వచ్చేసరికి పడవ ఒడ్డున బోర్లా పడి ఎండకు ఫెళఫెళలాడుతోంది. పక్కన డెల్బర్ట్, కొత్త పెళ్లికొడుకులా నవ్వుతూ. పట్నంలో ఉద్యోగం మాని, పక్కిల్లు కొనుక్కున్న మనిషి.

"మీ పడవ మునిగిపోయిందండీ! నడుం విరిగిందనుకోండి, ఎలాగో లాగేశాను. ఎవరో ఆకతాయి వెధవలు రాళ్లు కూడా వేశారు!"

"నీ ఉపకారం తగలెయ్యా! ఆ ఆకతాయి వెధవని నేనేనయ్యా!"

సంగతి తెలిశాక పాపం అతని మొహంలో నెత్తుటిచుక్క లేదు. మంచివాడే, కాదనను. మంచికి పోతే చెడెదురవడమంటే ఇదే. మళ్లీ రాళ్లన్నీ తనే మోసి ముంచాడు గానీ, గడువు చాల్లేదు.

శనివారం లెంపి పూలమొక్కల తట్టతో సహా రేవులో నిలబడింది. డెల్బర్ట్ రాళ్లు తీసి, నీళ్లు తోడి వదిలితే పడవ తేలింది. అడుగున మాత్రం సన్నగా నీరు ఊరుతోంది.

"కారుతోందొదినా!"

"కారడం వేరు, మునగడం వేరు."

హిల్మా ఎక్కి తెడ్లు పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి కూర్చుని తెడ్డు వేసేవాళ్లకు కనిపించేది పడవ వెనక కొసన కూర్చునే పలకే కదా. నలభై ఏళ్లు ఆ పలక మీద టౌనో పక్కకు తిరిగి, గాలం పట్టుకుని కూర్చున్నాడు. చేపలు పడితే ఆయన చెయ్యి మంచిదని ఊరంతా పొగిడింది, తెడ్డు వేసినావిడ మాట ఒక్కరూ ఎత్తలేదు. హిల్మాకు ఆ చింతే లేదు. వానలో, ఎండలో ఆ చెంపను చూస్తూ బతికింది. ఇప్పుడా పలక ఖాళీ.

"డెల్బర్టూ, ఎక్కు."

"నేనా? నాకు గాలం వెయ్యడం రాదండీ."

"కాఫీ డబ్బాతో నీళ్లు తోడ్డం వచ్చా? చెడగొట్టినవాడివి నువ్వేగా, తోడు."

అతను బిక్కుబిక్కుమంటూ వెనక పలక మీద కూర్చుని తోడసాగాడు. పడవ రేవు దాటింది. లెంపి తట్ట కింద పెట్టి, కళ్లొత్తుకుంది.

కొంతదూరం పోయాక డెల్బర్ట్ ఇబ్బందిగా కదిలాడు. "సరిగ్గా కూర్చోలేదాండీ? నన్నే చూస్తున్నారు."

"నిన్ను కాదులే నాయనా. ఖాళీ పలకను చూస్తూ తెడ్డు వెయ్యలేను" అంది హిల్మా. "నువ్వు అటు నీళ్లకేసి చూస్తూండు. ఆయనెప్పుడూ నాకేసి చూసి ఎరగడు."