ఏరేటర్ బీటూ, మా బావగారి షరతూ

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. నన్ను ఆపడానికి బడి కూడా పెద్దగా ప్రయత్నించలేదు కాబట్టి అది ఇద్దరికీ సమ్మతమైన విడిపోవడమే. తర్వాత మా అక్కగారి భర్త సౌండ్ సిస్టమ్ దగ్గర బాక్సులు మొయ్యడానికి చేరి, మోసి మోసి ఒకరోజు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. బాక్సు కంటే లాప్‌టాప్ తేలిక. నేను సంగీతంలోకి రావడానికి ఇంతకు మించిన కారణం లేదు.

రాజోలు చుట్టుపక్కల పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో నా మిక్సింగ్ అంటే ఒక పేరుండేది. డప్పు, దాని మీద ఇంకో డప్పు, అంబులెన్స్ సైరన్, ఈల, లారీ హారన్, మధ్యలో "హేయ్" అని ఒక అరుపు. ఆ అరుపు నాదే. మొత్తం కలిపి వింటే రావులపాలెంలో అరటి లారీలన్నీ ఒక్కసారి రివర్సు తీస్తున్నట్టుండేది. జనం ఊగిపోయేవారు. వాళ్లని చూసి మా బావగారు పొంగిపోయేవారు.

ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ మొరాయించింది. సైరన్ ఆగింది, హారన్ ఆగింది, నా అరుపూ ఆగింది. ఒక్క డ్రమ్ము మాత్రం ఏమీ ఎరగనట్టు టుక్ టుక్‌మని కొట్టుకుంటూ పోతోంది. బాగుచేద్దామని లేచినవాణ్ణి మళ్లీ కూర్చుని, అన్నం చల్లారిపోయేదాకా దాన్నే విన్నాను. ఫోన్‌లో వెతికితే, ఇలాంటిదాన్ని పై దేశాల్లో కావాలనే చేస్తారట! మినిమల్ టెక్నో అంటారట. కంప్యూటర్ డాన్సు సంగీతంలో పిసినారి శాఖ అన్నమాట. నాలుగు బెండకాయలతో మా ఆవిడ ఇంటిల్లిపాదికీ పులుసు కాచిన రోజున ఆ పులుసుకి ఇంత గౌరవమైన పేరు ఎవరూ పెట్టలేదు.

ఆ రోజు నుంచి నా పాటల్లోంచి సామాను బయట పడెయ్యడం మొదలుపెట్టాను. ముందు సైరన్ పోయింది. తర్వాత హారన్, ఈల. నా అరుపు తీసేటప్పుడు మాత్రం సొంతమనిషిని బస్సెక్కించినట్టనిపించింది.

"ఇంకేం మిగిలిందండీ తియ్యడానికి?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి. "మీరున్నారుగా. మిమ్మల్ని కూడా తీసేస్తే పాట పూర్తయిపోద్ది."

చివరికి ఆ డ్రమ్ము కూడా మరీ ఆడంబరంగా వినిపించింది. దాని బదులు ఏదైనా ఒకే ఒక్క చప్పుడు కావాలి. అది అంతర్వేది వైపు మా మావయ్య రొయ్యల చెరువు గట్టు మీద దొరికింది. చెరువులో ఏరేటర్లు ఉంటాయి. నీళ్లని చిలికి రొయ్యకి గాలి అందించే చక్రాలవి. మబ్బు పట్టిన రోజున పగలు కూడా తిప్పాల్సిందే. అవి ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతుంది, దాంతోపాటు రైతు కూడా. అందుకే మావయ్య ఏరేటర్ తిరుగుతున్నంతసేపూ గట్టు మీద మంచమేసుకుని హాయిగా గురకపెడతాడు. అది ఆగిన క్షణం లేచి నిలబడి ఉంటాడు. కళ్లు ఆ తర్వాత తెరుస్తాడు.

ఆ ధప్ ధప్ ధప్‌ని ఫోన్‌లో పట్టుకొచ్చి బీటుగా మార్చాను. పాట మొత్తం అదే. ఒక్కచోట మాత్రం ఆపాను. గుండె నిండా ఊపిరి తీసుకుని వదిలేంత నిశ్శబ్దం, తర్వాత మళ్లీ ధప్. నేను చేసినవాటిలోకెల్లా నాకిష్టమైనది ఆ నిశ్శబ్దమే. దాంట్లో తియ్యడానికి ఇంకేమీ లేదు మరి.

బావగారు చేతులు కట్టుకుని ఆసాంతం విన్నారు.

"బాక్సుల్లో ఎలక దూరిందేంటోయ్ బావమరిదీ?"

"ఇదే పాటండి."

"పల్లవి ఏదోయ్?"

"ఇదేనండి."

"మరి చరణం?"

"చరణం కూడా ఇదేనండి."

బాక్సులు ఆయనవి. ఆయన కాదంటే నా పాట హెడ్‌ఫోన్స్ దాటి బయటికి రాదు. "సరే," అన్నారు. "వచ్చే పెళ్లిలో ఒక్కసారి వెయ్యి. జనం కుర్చీల్లోంచి లేచేరా, ఇక నీ ఇష్టం. లేవలేదా, సైరన్ మళ్లీ పెట్టి, ఇంక ఈ చప్పుడు ఊసెత్తకూడదు."

"ఆయ్," అన్నాను.

ఆ పెళ్లి రొయ్యల రైతుల ఇంట్లో వచ్చింది. పందిరి వెనకే చెరువులు. పొద్దుటి నుంచీ ముసురు, ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి. తాళి కట్టడం అయ్యాక నా పాట వేశాను. జనం కుర్చీల్లో మరింత కిందికి జారారు. ఒకాయనకి కునుకు పట్టింది. ఇంకొకాయన పక్కవాడి భుజం మీద తల వాల్చాడు. పందిట్లో అంత ప్రశాంతత ఆ పురోహితుడు కూడా చూసి ఉండడు.

అంతలో ఎవరో "భోజనాలకి లెగండి బాబూ!" అని కేకేశారు. పందిరంతా ఒక్కసారి లేచింది.

"బావగారూ! లేచేరు!"

"అది అన్నానికి లెగడం. లెక్కలోకి రాదు."

బంతులు వేశారు. మా వైపు బంతిలో చెయ్యి విస్తట్లో పడ్డాక మధ్యలో లేవడం మహా తప్పు. పెద్దవాళ్లు లేచేదాకా చిన్నవాళ్లు కదలరు, వడ్డించేవాళ్లు వదిలేదాకా పెద్దవాళ్లు కదలరు. కాబట్టి నా కథ ముగిసినట్టే. సరే, ఆఖరిసారి పాట పూర్తిగా విందామని మొదటి నుంచి పెట్టి, సౌండు కాస్త పెంచాను. అందరూ పనసపొట్టు కూర కలుపుకుంటున్నారు. ధప్ ధప్‌కి తగ్గట్టే నవులుతున్నారు కూడా. నా నిశ్శబ్దం వచ్చింది.

ముందు పెళ్లికూతురి తాతగారు లేచారు. చేతిలో కొరికిన బూరె అలాగే ఉంది. ఆ వెంటనే ఆయన తమ్ముళ్లు, వియ్యాలవారి వైపు ఇద్దరు, ఆపైన బంతి బంతంతా లేచింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకాస్త ఆపితే ఇంకాస్త లేస్తారనిపించి, మళ్లీ రావలసిన బీటుని వేలితో పట్టి ఆపేశాను. నిజంగానే రెండో బంతి కూడా లేచింది!

లేచినవాళ్లు డాన్సు చెయ్యలేదు. పరిగెత్తారు.

"ఏరేటర్లాగిపోయేయి! జనరేటర్ తిప్పండ్రా!" అంటూ తాతగారు బూరె పట్టుకునే చెరువు గట్టెక్కారు. వెనకాల పట్టుపంచెలు, వాటి వెనకాల ఎంగిలి చేతులు. పెళ్లికొడుకుది కూడా రొయ్యల ఇల్లే కాబోలు, కొంగుముడి విప్పుకుని మరీ పరిగెత్తాడు. చక్రాలు ఎప్పటిలాగే నీళ్లు చిలుకుతున్నాయి. నా బాక్సుల మోతకి అలవాటుపడ్డ చెవులకి ఆ అసలు చప్పుడు ఆనలేదంతే. ఆగింది నా పాట ఒక్కటే. అది ఆగితే రొయ్యకేమీ కాదు.

అందరూ మోకాలి దాకా బురదతో తిరిగొచ్చారు.

"ఎవరండీ ఆపింది?" అన్నారు తాతగారు.

నేను నోరు తెరిచేలోపే బావగారి వేలు నా వైపు తిరిగింది. రక్తసంబంధం కాదుగా.

"నేనేనండి. అది మా మావయ్య చెరువులో ఏరేటరండి. పాట చేసేనండి."

"పాటా? ఏరేటరుతోనా?"

"ఆయ్."

తాతగారు బూరె వంక చూసుకున్నారు. "మరి పాటైతే మధ్యలో ఆపడం దేనికండీ? పెళ్లి ఆపినా ఓర్చుకుంటాం గానీ, ఇలాంటివి ఆపుతారా ఎక్కడైనా? పెట్టండి ముందు. అది మోగకపోతే ముద్ద దిగేలా లేదు."

పెట్టాను. బంతి మళ్లీ కూర్చుంది. అందరి భుజాలూ దిగాయి. తాతగారి తల బీటుకి ఊగుతోందని నేనన్నాను. నవులుతున్నారని బావగారన్నారు.

"బావగారూ, మరి షరతు? లేచేరా లేదా?"

"లేచేరోయ్. లేచి పారిపోయేరు."

"పారిపోకూడదని మీరనలేదు కదండీ."

ఆయన ఒక బూరె నోట్లో వేసుకున్నారు. మాట తప్పే మనిషి కాదు, అదే ఆయన బాధ. "నీ ఇష్టం," అన్నారు చివరికి.

అలా గెలిచాను. ఇప్పుడు చెరువులున్న ఊళ్లలో బంతి భోజనాలకి నన్నే పిలుస్తున్నారు. నా పాటతో అన్నం ఒంటబడుతుందట. అందరూ కోరేది మాత్రం ఒకటే: మధ్యలో ఆపకూడదు. అంటే పాట మొత్తంలో నాకు నచ్చిన ఆ ఒక్క ముక్కా తీసేసి వాయిస్తున్నానన్నమాట. మా ఆవిడ లెక్క ప్రకారం ఇక మిగిలింది నేనే.

మొన్న కొత్తపేట వైపు ఒక పెళ్లికి వెళ్లాం. అన్నీ కొబ్బరితోటలే, దగ్గర్లో ఒక్క చెరువు కూడా లేదు. ప్రాణం లేచొచ్చింది. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక పాట పెట్టి, నా నిశ్శబ్దాన్ని మళ్లీ దాని చోట ఉంచాను. వచ్చింది. ఎవరూ లేవలేదు. పులిహోర వడ్డిస్తున్నాయన ఒక్కడే గరిటె ఎత్తి పట్టుకుని నా వైపు తిరిగాడు.

"కరెంటు పోయిందాండీ?"

పైన ఫ్యాన్లన్నీ గిర్రున తిరుగుతున్నాయి. బావగారు నా మొహం వంకే చూస్తున్నారు.

"ఆయ్," అన్నాను. "ఇప్పుడే వచ్చేస్తదండి."