ఆరుగురు కోటయ్యలు, ఒక కంప్యూటరు

ఆ రోజుల్లో కంప్యూటరుకు దక్కిన మర్యాద మా ఆఫీసులో మనిషికి దక్కేది కాదు. ఎనభైల చివర్లో, దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అది దిగినప్పుడు దానికి ఏసీ గది, మాకు పాత ఫ్యాను (అదీ తిరిగితే). దుమ్ము పడకూడదని చెప్పులు బయటే విడవాలి. మేనేజరు కూడా చిల్లు పడిన సాక్సులతోనే లోపలికొచ్చేవాడు. గుంటూరులో ఆరు నెలల కోర్సు చేసొచ్చిన నేను దానికి పూజారిని. ఉద్యోగం ఇంకా ప్రొబేషనులోనే ఉన్నా పొగరు మాత్రం పర్మనెంటు.

కార్మికుల పేర్లు రిజిస్టర్ల నుంచి అందులోకి ఎక్కించడం నా పని. ఆ రిజిస్టర్లన్నీ రాసినాయన మా పెద్ద గుమాస్తా, అందరికీ బాబాయి. ఎక్కించాక చూస్తే కె. కోటయ్య అనే పేరు ఆరుసార్లు ఉంది. మా వైపు కోటప్పకొండకు మొక్కుకుంటే పుట్టిన ప్రతివాడూ కోటయ్యే, మా ఇంట్లోనే ఇద్దరున్నారు. అయినా నాకు తట్టలేదు చూడండి. ముసలాయన చాదస్తంతో రాసిందే రాశాడనుకుని అయిదు చెరిపేశాను. (తండ్రి పేరుకు గడి కూడా పెట్టలేదు, దండగని.) రిజిస్టర్లను మేనేజరు పొట్లాల కాగితాల కింద గురజాలకు అమ్మేయించాడు.

నెల తిరక్కుండానే పర్మనెంటు చేసేవాళ్ళ లిస్టు కంప్యూటరు నుంచి తీసి బోర్డుకు అంటించారు. అందులో కోటయ్య ఒక్కడే. ఆరుగురూ వచ్చి "అది నేనే" అన్నారు. "కంప్యూటర్లో లేనివాళ్ళు ఫ్యాక్టరీలో లేనట్టే" అన్నాడు మేనేజరు. "మేం లేకపోతే ఇన్నేళ్ళ నుంచి ఈ దుమ్ము తింటంది ఎవరు సారూ?" అన్నాడు క్రషర్ దగ్గర పనిచేసే కోటయ్య. సాయంత్రం లిస్టు హెడ్డాఫీసుకు పోవాలి. తప్పు ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది, ఒప్పుకోకపోతే అయిదుగురిది పోతుంది. ఏసీలో కూర్చుని చెమటలు కక్కాను.

బాబాయి చెప్పులు విడిచి మెల్లగా లోపలికొచ్చాడు. "ఎంతమందిని తుడిచావురా?"

"అయిదుగురిని బాబాయ్."

"ఎవరికీ చెప్పమాక. నే చెబుతా, టైపు కొట్టు." కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. తండ్రి పేరు (దండగన్న గడి అప్పుడు పెట్టాను), ఊరు, చేరిన తేదీ, ఒక్కొక్కరివీ. "ఇంకో కోటయ్య. వాళ్ళ నాయనా కోటయ్యే. వాడు చేరినరోజు మా గేదె ఈనింది."

"అది కూడా కొట్టాలా?"

"తేదీ కొట్టరా ఎదవా. గేదె నా గుర్తుకి."

సాయంత్రానికి ఆరుగురూ లిస్టులోకి ఎక్కారు. మేనేజరు మురిసిపోయాడు. "చూశారా పెద్దాయనా, అందరినీ ఎట్లా వెతికి పట్టుకుందో. ఇది ఉండగా ఇక మీకెందుకు శ్రమ, వచ్చే నెల నుంచి ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. బాబాయి నా వైపు చూడకుండా "అంతేలెండి" అన్నాడు. జరిగింది నేను ఒక్క మాట చెబితే చాలు, ఆయన ఉండిపోయేవాడు. నేను కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. తర్వాతి నెల జీతాల లిస్టులోంచి ఆయన పేరు తీసేసింది కూడా నేనే, ఈసారి ఏ పొరపాటూ లేకుండా.

ఇప్పుడు నాకు ఆయన వయసొచ్చింది. "అంతా సిస్టంలో ఉందండీ" అని మా ఆఫీసు కుర్రాళ్ళు అంటే నవ్వుకుంటాను. ఆ ఏసీ గదిలోని పూజారిని తలుచుకున్నా నవ్వే వస్తుంది గానీ, వాడు నాకు చిక్కితే ముందు ఒక లెంపకాయ వేసి ఆ తర్వాత నవ్వుతాను.