నాయనమ్మ మందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'మందు' అనే మాటకు రెండు అర్థాలుండేవి. మా నాయనమ్మ అన్నం తిన్నాక వేసుకునేది ఒకటి, ఆవిడ తమ్ముడు కొట్టేది ఇంకొకటి. ఆ తమ్ముడిని, అంటే మా చిన్నతాతయ్యను, నాయనమ్మ ఆరేళ్ళుగా గడప తొక్కనివ్వలేదు. తాగుడు పూర్తిగా మానేశాడని కనిగిరి అంతా చెప్పినా చెవిన పెట్టలేదు.

ఒక ఎండాకాలం ఆయన తన కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చాడు. మా వాకిట్లో మిరపకాయలు పోసుకుని ఆడవాళ్ళు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళందరి ముందూ నాయనమ్మ ఆయనను ఎండలో నిలబెట్టింది. మేనత్త అక్షింతలు వేయకపోతే నా బిడ్డకు వెలితి కాదా అని ఆయన బతిమాలుతుంటే, ఈవిడ మొహం తిప్పుకుని కూర్చుంది.

ఇదే సందని నేను లోపల అల్మరా తెరిచాను. నాయనమ్మ అరుగుదలకని రోజూ రెండు చెంచాలు తాగే ద్రాక్షారిష్టం సీసా అందులో ఉంది. ఏలకుల వాసన, బెల్లం తీపి. తొమ్మిదేళ్ళదాన్ని, నాకేం తెలుసు? స్టీలు గ్లాసు నిండా వంచుకుని గటగటా తాగేశాను. కాసేపటికి గోడలు ఊగాయి. పకపకా నవ్వుకుంటూ వాకిట్లోకి వచ్చి మిరపకాయల్లో బోర్లా పడ్డాను.

పిల్లకేదో సోకిందని ఆడవాళ్ళు గోల పెట్టారు. నాయనమ్మ లబోదిబోమంది. చిన్నతాతయ్య నన్నెత్తుకుని, నా నోటి వాసన చూశాడు.

"ఏం లేదమ్మా, ఎండదెబ్బ. మీరు పని చూసుకోండి" అన్నాడు వాళ్ళతో.

అలా నన్ను మోసుకుంటూ గడప దాటాడు. ఆపాలని నాయనమ్మకు తోచలేదు.

లోపలికొచ్చాక గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, పిల్ల తాగింది నీ మందే. ఎండుద్రాక్ష, బెల్లం, లవంగాలు, ఏలకులు కుండలో వేసి నెల రోజులు పులియబెడతారు. దొరలైతే వైన్ అంటారు. మద్యనిషేధం రోజుల్లో మేమంతా మందుల కొట్లో కొనుక్కున్నది ఇదే. చౌక, తీపి. పోలీసులు అడిగితే అజీర్తి అనేవాళ్ళం."

ఈ పాడు బుద్ధులు నీకెవరు నేర్పార్రా అని నాయనమ్మ కసిరింది. ఆయన నన్ను మంచం మీద పడుకోబెట్టాడు.

"నేను టైఫాయిడ్ నుంచి లేచినప్పుడు, బలానికని పూటా నా నోట్లో పోసింది నువ్వే కదక్కా. ఆ రుచి నన్ను వదల్లేదు."

నాయనమ్మ అల్మరాలోని సీసా వైపు చూసింది. కళ్ళు తిరుగుతున్నా ఆ మొహం నాకు గుర్తుండిపోయింది. అక్క గడప తొక్కనివ్వని ఆ ఆరేళ్ళలో ఆయన ఈ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. ఆ రోజు నాయనమ్మ తన చేత్తో ఆయనకు అన్నం కలిపి పెట్టింది. పెళ్ళికి పది రోజుల ముందే వెళ్ళింది.

ఇప్పుడు నాకూ బీపీ, షుగరూ. పొద్దున్నే మా కోడలు "అత్తయ్యా, మందు వేసుకున్నారా?" అని అడుగుతుంది. వేసుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాదు. తలూపి ఊరుకుంటాను.