పేరు రాయని రెండు డబ్బాలు

ఆర్విడ్ లంపెలా ముక్కు గురించి మా ఊళ్ళో చెప్పుకోనివాళ్ళు లేరు. పెట్రోల్ డబ్బా మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి, అందులో ఇథనాల్ కలిసిందో లేదో చెప్పేసేవాడు. కలిసినదాన్ని తాగుబోతు పెట్రోల్ అనేవాడు. "ఇది సారా కొట్టొచ్చింది, తీసికెళ్ళి మీ కారులో పోసుకోండి, మోటార్ సైకిల్‌కి మాత్రం వద్దు" అని మొహం మీదే అనేసేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ ముక్కు తప్పలేదు. ఆ సంగతి ఊరికంటే ఎక్కువ ఆర్విడ్‌కే తెలుసు, అదీ అసలు గొడవ.

మిషిగన్ పైకొసన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు మాది. అక్టోబరు చివర రోడ్ల మీద ఉప్పు చల్లారంటే మోటార్ సైకిళ్ళు లోపలికి పోవాల్సిందే. ఏప్రిల్ వానలు ఆ ఉప్పుని కడిగేదాకా బయటికి రాకూడదు. ఆ ఆరు నెలలూ ట్యాంకులో ఏది నిలవ ఉందన్న దాని మీదే బండి బతుకు ఆధారపడి ఉంటుంది; ఇథనాల్ ఉంటే నెమ్ము పీల్చి లోపలంతా తుప్పు పట్టిస్తుంది. పాత బంగాళాదుంపల గోడౌనులో ఊరందరి బళ్ళనీ ఆర్విడ్ దాచిపెట్టేవాడు. తన చేత్తో ఇథనాల్ లేని పెట్రోల్ అంచుదాకా పోసి, అది కార్బొరేటర్‌లోకి దిగేలా పది నిమిషాలు ఇంజను ఆడించి, అప్పుడు దుప్పటి కప్పేవాడు.

కొత్తగా వచ్చినవాళ్ళకి సీసా పరీక్ష చూపించేవాడు. సన్నటి సీసాలో గీత దాకా నీళ్ళు, వాటి మీద పెట్రోల్ పోసి ఊపడం, కాసేపు ఆగి చూడడం. నీటిమట్టం గీత దాటి పైకొస్తే అందులో ఇథనాల్ ఉన్నట్టే. తన మట్టుకు మాత్రం ఆ సీసా ముట్టేవాడు కాదు. అతని దగ్గర రెండు ఎర్ర డబ్బాలుండేవి, ఒకటి తన ట్రక్కుకి పోసే తాగుబోతు పెట్రోల్‌ది, ఒకటి దాచే బళ్ళకి పోసే మంచి పెట్రోల్‌ది. రెండూ ఒకేలా ఉండేవి, ఒక్కదాని మీదా పేరు లేదు.

"పేర్లు రాసుకోరా బాబూ, పోయేదేముంది?" అని డెల్బర్ట్ ఎన్నిసార్లన్నాడో.

"పేర్లు ముక్కు లేనివాళ్ళకిరా" అనేవాడు ఆర్విడ్.

డెల్బర్ట్ రౌటియో, ఆర్విడ్ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఓడల మీద ఇనుప ఖనిజం మోసి మోసి డెల్బర్ట్ ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్, వంటింటి బల్ల దగ్గర ఒక కుర్చీ, అంతే అతని లోకం. గరాజ్‌లో మాత్రం డెబ్బై ఒకటో సంవత్సరం నాటి ఆకుపచ్చ బండి ఉంది. దాని ట్యాంకు తుప్పుపడితే ఇరవై ఏళ్ళ కిందట లోపల పూత వేయించాడు. ఆ పూతకి ఒకటే గండం, ఇథనాల్. తగిలిందంటే కరిగి జిగురవుతుంది.

ఆ సెప్టెంబరులో డెల్బర్ట్ మూడు రోజులు వంటింటి బల్ల మీద కార్బొరేటర్ విప్పి కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అతని భార్య లూయెల్లా నెత్తి కొట్టుకుంది. "అన్నం తినే బల్ల ఇది! పెట్రోల్ కంపు కొడుతోంది ఇల్లంతా!"

"జూన్ దాకా టైమిచ్చాడు డాక్టరు" అన్నాడు డెల్బర్ట్ ఆర్విడ్‌తో. "మేలో ఒక్కసారి లైట్‌హౌస్ దాకా వెళ్ళొద్దాం రా. నడిపేది నువ్వు, వెనకాల కూర్చునేది నేను."

"ఇన్నేళ్ళూ నా వెనక కూర్చోడానికి నామోషీ కదరా నీకు?"

"ఇప్పుడు చూసేవాడెవడున్నాడ్లే. ఆ చప్పుడు నా కిందనుంచి ఒక్కసారి వినపడితే చాలు. నాకింకేం వద్దు."

ఆర్విడ్ మాటిచ్చాడు. మేలో ఆ బండి లేచి తీరాలి, అంతే.

ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ముందటి శీతాకాలం పడ్డ జ్వరంతో ఆర్విడ్ ముక్కు పోయింది. పొయ్యి మీద కాఫీ మాడి మసైపోతున్నా, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. వారాలు గడిచినా వాసన తిరిగి రాలేదు. డాక్టరుకి కూడా చెప్పలేదు. ముక్కు పోయాక ఆర్విడ్ అనేవాడిలో ఇంకేం మిగిలిందని చెప్పుకుంటాడు? ఏం పొగరయ్యా అది, డెబ్బై ఏళ్ళొచ్చాక కూడా! మిగతా బళ్ళవాళ్ళని ఆ ఏడు రేవు దగ్గరి బంకులో ఇథనాల్ లేనిది నింపుకునే రమ్మన్నాడు కాబట్టి గడిచిపోయింది. నడపలేని డెల్బర్ట్ బండి ఒక్కటే ఖాళీ ట్యాంకుతో ట్రక్కు మీద వచ్చింది.

దాన్ని నింపే రోజు సన్నగా మంచు పడుతోంది. ఆర్విడ్ రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని నిలబడిపోయాడు. ఏది ఏదో గుర్తు లేదు. సీసా అలమారలో చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. సరిగ్గా అప్పుడే తన బండి మీద దుప్పటి సర్దుకుంటున్న వెండెల్ అనే ఆయన తలెత్తాడు.

"ఏవిటి ఆర్విడ్, ముక్కేమంటోంది?"

ఆర్విడ్ ఎడమవైపు డబ్బా మూత తీసి వంగి గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. కుడివైపుదీ చూడబోయి ఆగాడు, రెండోది వాసన చూస్తే వెండెల్‌కి అనుమానం వస్తుందని.

"శుభ్రమైన సరుకు" అన్నాడు. ఎడమవైపు డబ్బా ఎత్తి అంచుదాకా పోసేశాడు. ఇంజను పది నిమిషాలూ చక్కగా ఆడింది. వెండెల్ వెళ్ళాక పరీక్ష చేద్దామనుకున్నాడు. వెండెల్ వెళ్ళాక, అయిపోయిందిగా, ఇప్పుడు చూసి ఏం లాభం అనుకున్నాడు. ఆ శీతాకాలమంతా గోడౌనులోకి వెళ్ళినప్పుడల్లా ఆ ఆకుపచ్చ బండి పక్కకి చూడకుండా నడిచేవాడు.

మే మొదటి వారానికి వానలకి రోడ్ల మీది ఉప్పంతా కొట్టుకుపోయింది. ఆర్విడ్ దుప్పటి తీసి కిక్ కొట్టాడు. ఇరవై సార్లు, ముప్ఫై సార్లు కొట్టాడు. మోకాలు పట్టేసింది గానీ ఇంజను దగ్గు కూడా దగ్గలేదు. ట్యాంకు కింద గొట్టం ఊడదీస్తే పెట్రోల్ రాలేదు, గోధుమరంగు జిగురు వేలాడింది. దాన్ని వేళ్ళ మధ్య నలుపుకుంటూ నేల మీద కూలబడిపోయాడు. పూత కరిగిపోయింది. ఏం పోశాడో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

డెల్బర్ట్ అప్పటికి కుర్చీలోంచి మంచం మీదకి మారాడు. ఆర్విడ్ టోపీ చేతిలో నలుపుతూ మంచం పక్కన నిలబడ్డాడు.

"లేవలేదురా. కార్బొరేటర్ మూసుకుపోయింది. సామాను తెప్పించాను, ఓ పది రోజులు..."

"పది రోజులా!" డెల్బర్ట్ కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి కూడదీసుకోడానికి చాలాసేపు పట్టింది. "మంచి పెట్రోలే కదా పోసింది?"

"మంచిదే."

"నువ్వు పోస్తే మంచిదే అయ్యుంటుందిలే, అడగడం నాదే బుద్ధి తక్కువ." డెల్బర్ట్ దుప్పటి మీద ఉన్న తన చేతులు రెండూ ఎత్తి వాటివైపు చూసుకున్నాడు. "అయితే నేనేరా. కార్బొరేటర్‌లోని సూది సరిగ్గా కూర్చోబెట్టలేదు నేను. మూడు రోజులు కూర్చుని ఇదీ నేను చేసిన పని."

కాదురా, నేను చేశాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆర్విడ్ గొంతు దాకా వచ్చింది ఆ మాట. "వయసైన బండి రా, ఎవరి తప్పూ లేదు" అని మాత్రం అన్నాడు.

"తప్పు లేకపోతే లేచుండేది" అన్నాడు డెల్బర్ట్.

ఆ తర్వాత ఆర్విడ్ ఇంటికి పోలేదు. గోడౌనులోనే పడుకుని, ట్యాంకు గీకి, కడిగి, మళ్ళీ గీకాడు. గోళ్ళ కింద నెత్తురొచ్చింది. రోజూ పొద్దున్నే పోస్టాఫీసుకి వెళ్ళి సామాను వచ్చిందా అని అడిగేవాడు. ఏడో రోజు అక్కడి గుమాస్తా, "పార్సిల్ రాలేదు ఆర్విడ్. డెల్బర్ట్ సంగతి విన్నావా మరి? తెల్లవారుజామున పోయాడట" అంది.

సమాధి దగ్గర ఆర్విడ్ చివర్న నిలబడ్డాడు. తర్వాత చర్చి హాల్లో అందరికీ కాఫీ, యాలకుల రొట్టె పెట్టారు. లూయెల్లా కప్పు చేత్తో పట్టుకుని జనాన్ని తప్పించుకుంటూ తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. ఈవిడకి ఇప్పుడే చెప్పేయాలి, ఇక్కడే, అందరి ముందూ చెప్పేయాలి అనుకుని ఆర్విడ్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో కూర్చో, మోకాళ్ళ నొప్పులతో" అంది లూయెల్లా. "వారం నుంచీ నిద్రలేదట కదా నీకు, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. నీకో మాట చెప్పమని మరీ మరీ చెప్పి పోయాడు ఆయన. నువ్వు లోపల పెట్టుకుని కుమిలిపోతావని ఆయనకి భయం."

"ఏం చెప్పాడు?"

"బండి పాడవడంలో ఆర్విడ్ తప్పు ఇసుమంతైనా లేదు, అంతా నా చేతులు చేసిందే, నన్ను క్షమించమని చెప్పు అన్నాడు. వాడి కష్టమంతా వృథా చేశానని చివరి రాత్రి ఏడ్చాడయ్యా, అంత మొండి మనిషీ." ఆవిడ కళ్ళు తుడుచుకుని, అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. "క్షమించావా?"

ఆర్విడ్ నోరు తెరిచాడు.

"క్షమించాను" అన్నాడు.