టేపు మాస్టారి పడవ కొలతలు

ఆ వీధిలో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఇరవై రెండేళ్లుగా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి, అన్నానికి లేచినా మెడలో టేపు తియ్యడు కాబట్టి టేపు మాస్టారయ్యాడు. వచ్చినవాళ్లందరికీ ఒంటికి అతికినట్టు కుడతాడు గానీ, తాను మాత్రం ఎవరో కుట్టించుకుని తీసుకెళ్లడం మరిచిపోయిన చొక్కాలే తొడుక్కుంటాడు. అందుకే ఒక వారం ఆయన వేళ్లు చొక్కా చేతుల్లో మునిగిపోతాయి, మరో వారం ఆ చేతులు మోచేతి దగ్గరే ఆగిపోతాయి.

ఇంట్లోవాళ్లు ఎక్కడికి షికారు వెళ్లినా ఆయన రాడు, అర్జంటు డెలివరీ ఉందంటాడు. ఫొటోలన్నిటిలో భార్య, ఇద్దరు కూతుళ్లు, అత్తగారు ఉంటారు, ఆయన ఉండడు. చివరికి భార్య తెగేసి చెప్పింది. పెద్ద చెరువులో తిరగడానికి చిన్న మోటారు పడవ కొందాం, ఆదివారం మీరూ ఎక్కాలి, ఈసారి ఎగ్గొడితే ఇక జన్మలో పిలవను అంది. మాస్టారు బుద్ధిగా తలూపాడు.

ఇంటిల్లిపాదీ వెళ్లేసరికి చెరువుగట్టు మీది కొట్టులో అల్యూమినియం పడవలు రెండే ఉన్నాయి. ఒకటి పన్నెండడుగులది, కూర్చోడానికి రెండు బల్లలు. రెండోది పద్నాలుగడుగులది, మూడు బల్లలు. పడవను ఇంటి ఆవరణలోనే పెట్టుకోవాలి, చిన్నదైతే గేటులోంచి దూరుతుంది. పెద్దది నాలుగంగుళాల తేడాతో దూరదు. కొట్టతను ఇంజన్ల గురించి చెప్పిందేదీ మాస్టారు చెవికెక్కలేదు. కొలతల పుస్తకం తీసి, భార్య కూర్చున్నప్పటి వెడల్పు అందరి ముందూ పైకి చదవబోయాడు. ఆవిడ చూసిన చూపుకి మిగతాది మనసులోనే చదువుకున్నాడు. మనిషికి రెండంగుళాలు మార్జిన్ వదిలి, చిన్న పడవ బల్లల మీద సుద్దతో గీతలు గీశాడు. అచ్చంగా సరిపోయాయి. ఇక ఇదే ఖాయం అన్నాడు, కాలరెగరేసి.

కొట్టతను పడవను నీళ్లలోకి దింపాడు. నలుగురూ ఎవరి గీతల్లో వాళ్లు కూర్చున్నారు. ఇంజను పిడి అత్తగారి చేతికి వచ్చింది, ఆవిడకది నచ్చింది కూడా. ఇంకొకరికి చోటు లేదు. మాస్టారు పడవెక్కడానికి ఒక కాలు లేపి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా నిలబడిపోయాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. భార్య నవ్వలేదు.

"అంటే మీరు రారన్నమాట," అంది నెమ్మదిగా.

మాస్టారు గబుక్కున కాలు దించాడు. "వద్దామనే ఉంది, ఒట్టు. పుస్తకంలో నా కొలత లేదు. ఎప్పుడూ తీసుకోలేదు."

ఆవిడ పడవ దిగి, ఆయన మెడలోంచి టేపు లాగి, గట్టు మీద రాయి మీద కూర్చోబెట్టి కొలిచింది. పుస్తకంలో తనే రాసింది. రాస్తుంటే కోపం ఎటు పోయిందో పోయింది.

"మూడంగుళాలు మార్జిన్ వదలవే," అంది అత్తగారు ఇంజను పిడి వదలకుండా. "అల్లుడు ఇకనుంచీ ఆదివారాలు మనతో తింటాడుగా, ఒళ్లు చేస్తాడు."

పెద్ద పడవే తీసుకున్నారు. మర్నాడు పొద్దున్నే మాస్టారు గేటు స్తంభం మీద సుద్దతో నిలువునా గీత గీసి, ఆ గీత వెంబడి కత్తిరించమని తాపీమేస్త్రికి చెప్పాడు. లక్షణమైన స్తంభాన్ని ఎందుకు పాడుచేస్తారు, చిన్న పడవ కొనుక్కోవచ్చుగా అన్నాడు మేస్త్రి.

"అందులో నేను పట్టను," అన్నాడు మాస్టారు ఎంతో సంతోషంగా.