కాగితం చుట్టిన సీసపు గుండ్లు

నేను మూడో తరగతి చదివే రోజులు... అరబ్బు దేశంలో, హాయిల్ దగ్గర గోధుమ పొలంలో మా రెండు గదుల క్వార్టర్. అమ్మ చాప మీద కూర్చుని, ఊరికి ఉత్తరాలు రాసుకునే పలచటి లెటర్ ప్యాడు ముందేసుకుని కాగితాలు ఎంచుతోంది.

"మళ్ళా నాలుగు తక్కువుండాయి పాపా. మీ నాయన ఎవురికి రాస్తాండాడో!"

నాయన ఉత్తరాలు రాసే మనిషి కాదు. పొలంలో పంపులు, ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్. సంతకం పెట్టడానికే బద్ధకం. అయినా నెల రోజులుగా ఆయన వాలకం తేడాగా ఉంది... మధ్యాహ్నం అన్నం తినగానే పంపు షెడ్డుకు పోయి లోపల గొళ్ళెం పెట్టుకునేవాడు. పైగా దగ్గొకటి పట్టుకుంది, ఎన్ని కషాయాలు తాగినా వదల్లేదు. ఏం చేస్తున్నావని అమ్మ అడిగితే "పనుండాదిలే మే" అనేవాడు. అంతే!

నాకసలే అనుమానం ఎక్కువ. (ఇప్పుడు మా ఆయనా అదే మాట అంటాడు, అది వేరే సంగతి.) అమ్మ చెప్పకముందే ఇల్లంతా గాలించాను. బియ్యం బస్తా వెనకాల ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీస్తే... వేలి కణుపంత సీసపు ముక్కలు, బరువుగా. ఒక్కోదానికీ తెల్లకాగితం నున్నగా చుట్టి, కింద తోక మెలితిప్పి ఉంది. ముప్పై ఉన్నాయి.

పరిగెత్తుకుపోయి అమ్మకు చూపించాను.

"అయ్యో నా తల్లీ... ఇవి తాయెత్తులే! ఎవురో గిట్టనోళ్ళు మీ నాయనకు చేపించినారు. అందుకే ఆ దగ్గు!"

మా కడప వైపు అలాంటివి చూస్తూ పెరిగిన మనిషి. దర్గా దగ్గర చుట్టిచ్చే తాయెత్తులు మంచికి, ఇలా మూలల్లో దాచిపెట్టేవి చెడుకి... అని ఆమె నమ్మకం. భయపడుతూనే ఒకటి విప్పింది. ఒక్క అక్షరం లేదు. కానీ సన్నటి నీలం గీతలున్నాయి. "నా ప్యాడు కాగితమే! మనింట్లోకొచ్చి తీస్కపోయినారు!" ఇక ఆమెను పట్టడం నావల్ల కాలేదు.

బక్కెట్లో నీళ్ళు పోసి, ఉప్పేసి, బిస్మిల్లా అంటూ డబ్బా మొత్తం బోర్లించింది. నానిన కాగితాలన్నీ ఒలిచేసి, ఖాళీ డబ్బాను మళ్ళీ బస్తా వెనకాలే పెట్టేసింది. సీసపు ముక్కల్ని కొంగులో మూటగట్టి, నన్ను వెంటబెట్టుకుపోయి బర్కాలో... అంటే పొలానికి నీళ్ళు నింపే పెద్ద సిమెంటు తొట్టిలో పారేసింది.

"ఎవురికీ చెప్పొద్దు. ఈ దేశంలో మంత్రమనే మాట నోట్లోంచి వస్తే జైలే. మీ నాయనకు కూడా చెప్పొద్దు, ఆయన ఎవురి మాట వింటాండాడో ఏమో!"

ఆ శుక్రవారం నమాజు అయ్యాక, మా క్వార్టర్ ఎదురుగా ఉన్న కఫీల్... అంటే నాయనను పనిలో పెట్టుకున్న యజమాని ఇంటి ముందు కార్లు ఆగాయి. మేమంతా బాబా అని పిలిచే ఆ ముసలాయన, తన తాతనాటి పొడుగు తుపాకీతో బయటికొచ్చాడు. నల్లటి తుపాకీమందు కూరిన ఇత్తడి తూటా ఒక్కొక్కటే పెట్టి పేల్చే రకం. ఏడాదికోసారి ఆయన ఈడు స్నేహితులంతా పాత తుపాకులు తెచ్చుకుని రాళ్ళగుట్ట మీద గురి చూసుకునేవారు. బాబా నాయన ముందు చెయ్యి చాపాడు... "వెయ్న్ రసాస్?" గుండ్లేవి? అని.

నాయన డబ్బా తెచ్చి, బరువు లేదేమిటని చూస్తూనే మూత తీశాడు. ఖాళీ!

అవి తుపాకీ గుండ్లని నాకప్పుడు తెలిసింది. మిగతాది తర్వాత నాయన చెబితే విన్నాను. బాబా చేతులు వణుకుతాయి కాబట్టి ఆ పని నాయనకు అప్పజెప్పాడు. కాగితాన్ని ఏటవాలుగా కోసి, తడిపి, సరిగ్గా రెండు చుట్లు... అంచు మీద అంచు ఎక్కకూడదు, మధ్యన సందూ ఉండకూడదు. పేల్చినప్పుడు సీసం గొట్టానికి రాసుకోకుండా ఆ కాగితమే కాపాడుతుందట. పరాయి దేశస్థుడి ఇంట్లో తుపాకీ గుండ్లంటే గొడవని ఎవరికీ చెప్పొద్దన్నాడట బాబా. షెడ్డులో దుమ్ము పడుతోందని ఇంటికి తెచ్చి ఆరబెట్టాడు నాయన.

బాబా పెద్దకొడుకు నాయన కాలరు పట్టుకున్నాడు. ఎవరికిచ్చావు, ఎవరికిచ్చావు అని ఒకటే అరుపులు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పాస్‌పోర్టుల మీద ఖురూజ్ ముద్ర కొట్టించి మమ్మల్నందరినీ దేశం దాటిస్తానన్నాడు. నాయన దగ్గుతూనే "వల్లా, నాకు తెలీదు" అని ఒట్లు వేస్తున్నాడు. తలుపు సందులో అమ్మ... నిజం చెప్పాలంటే మంత్రం మాట చెప్పాలి. ఆమె గడప దాటలేదు.

నేను పోయాను. ఎట్లా పోయానో నాకే తెలీదు. "బాబా, నేనే ఆడుకుంటూ బర్కాలో వేశాను" అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను.

పెద్దకొడుకు నమ్మలేదు. తొట్టి తూము తెరిపించాడు. నీళ్ళు దిగేదాకా నాయన తొట్టి పక్కనుంచి కదల్లేదు, చూపు తిప్పలేదు. అడుగున గుండ్లు బయటపడ్డాయి... ముప్పైకి ముప్పై. బాబా పెద్దగా నవ్వి నా తల నిమిరి, "ఖలాస్, ఖలాస్" ఇక చాలంటూ కొడుకును లోపలికి తీసుకుపోయాడు.

నాయన నవ్వలేదు. కొట్టినా బాగుండేది...

"ఈ పిల్ల చేతికి ఇంగ ఏదీ అందనీయొద్దు" అన్నాడు అమ్మతో. ఆ రోజు నుంచి పనిముట్ల పెట్టెకు తాళం, బీరువాకు తాళం. నేను పక్కనుంచి పోతే జేబు తడుముకునేవాడు. డిగ్రీ చదివాను, ఉద్యోగం చేశాను, అయినా ఆయనకు ఆ అలవాటు పోలేదు. అమ్మ ఏదో ఒక రోజు చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు. ఆమెను పట్టివ్వడం ఇష్టంలేక నేనూ నోరు విప్పలేదు. నాయన పోయి ఆరేళ్ళు. అమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే, దాచుకోను.

ఇప్పుడు అదే దేశంలో, యాన్బులో మా ఫ్లాటు హాల్లో కెమెరా ఉంది. ఎవరు ఏ డబ్బా తీశారో ఫోనులో కనబడుతుంది. నా పిల్లల మీద లేనిపోని అనుమానం పడితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది... నాకు పట్టిన గతి వాళ్ళకు పట్టదు.

మీలోనూ ఇట్లా ఇంకొకరి తప్పు నెత్తినేసుకున్న వాళ్ళుంటే రాయండి, చదువుతాను. కాకపోతే... నిజం తెలియాల్సిన మనిషి ఇంకా బతికుంటే, ముందు వాళ్ళకు చెప్పి ఆ తర్వాత ఇక్కడికి రండి.