ఒక్కడే వినే రేడియో

"అదే చెప్తున్నా, వినవేం? పాడైంది నీ డబ్బా కాదు, ఇల్పో బుద్ధి!" అంది సిర్కా, మొగుడు తౌనోకి కాఫీ పోస్తూ.

తౌనో బల్లమీద మరలు పరుచుకుని కూర్చున్నాడు. అరచేతిలో ఇమిడే, ఇంటర్నెట్ పాటలు పట్టే ఆ పాత యంత్రంలోనే ఎనిమిదేళ్లుగా టాంగో పాటలు వింటున్నాడు. వినిపించేది ఇల్పో. ఇద్దరూ టాంపెరె ఊళ్లో కాగితం మిల్లులో ఒకే షిఫ్టు చేసినవాళ్లు. రిటైరయ్యాక ఇల్పో ఇంట్లోంచే ఇంటర్నెట్ రేడియో పెట్టాడు. తౌనో యంత్రానికేమో పాతరకం ప్రసారమే ఎక్కుతుంది, అందుకని ఇల్పో దాన్నీ విడిగా నడిపేవాడు. దాన్ని ఎందరు వింటున్నారో ఇల్పో కంప్యూటర్లో కనిపిస్తుంది. ఎప్పుడు చూసినా ఒకటే! "ఆ ఒక్కడివీ నువ్వేగా, నువ్వు వింటున్నన్నాళ్లూ ఆపను" అని చేతిలో చెయ్యేశాడు కూడా.

బుధవారం పాట ఆగింది. తౌనో బ్యాటరీ మార్చాడు, మూత విప్పాడు, మూడు రోజులు దాంతోనే కుస్తీ.

"ఇందాక సంతలో నల్ల సాసేజి కొట్టు దగ్గర ఇల్పో కనిపించాడు," అంది సిర్కా. "'నేనే ఆపేశా, ఇకనైనా పాటలు వినే కొత్త ఫోను కొంటాడని' అంటూ ఇకిలిస్తున్నాడు, మహానుభావుడు!"

తౌనోకి నవ్వు రాలేదు. నిన్ననే ఇల్పోకి ఫోన్లో ఈ మరల గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఆ పెద్దమనిషి అంతా విని, "ముసలిదైపోయిందిరా, పారెయ్" అన్నాడు. ప్రసారం ఆపితే ఆపాడు, ఆ అబద్ధమే మింగుడు పడలేదు.

"ఇప్పుడేం చేస్తావు?"

"ఈ కాఫీ తాగి వాడికే ఫోన్ చేస్తా. నేను మరలు విప్పుతున్నానని తెలిసి కూడా ఎలా ఊరుకున్నావురా అని అడుగుతా."